హ్యాండోవర్ గొడవ: మత్తయి 18 ప్రకారం వెళ్లి మాట్లాడాలా, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలా?

అడిగినవారు: పొద్దుటి షిఫ్ట్

అందరికీ వందనాలు. నర్సులుగా పనిచేసే విశ్వాసుల కోసం ఒక చర్చా పాఠం తయారవుతోంది. అందులో పెట్టిన కేసు ఇది. వార్డు పని, వాక్యం రెండూ తెలిసినవాళ్లు చూసి చెప్పండి.

ముప్పై పడకల మెడికల్ వార్డు. షిఫ్టులు 8–2, 2–8, రాత్రి 8–8. రాత్రి డ్యూటీ సిస్టర్ అనుభవంలో నాలుగైదేళ్లు పెద్ద. ఆమె ఇచ్చే హ్యాండోవర్‌లో వారానికి రెండు మూడు సార్లు ఏదో ఒకటి మిగిలిపోతోంది. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో టోటల్ ఉండదు. అయిపోయిన సెలైన్ బాటిల్ అలాగే వేలాడుతుంటుంది. ఒకరోజు ఒక రోగి చార్టులో ఉదయం 6 గంటల యాంటీబయాటిక్ గడి ఖాళీగా ఉంది. అడిగితే అందరి ముందూ "ఎనిమిదింబావుకి వచ్చేదానివి, నువ్వా నాకు చెప్పేది?" అంది. ఇన్‌ఛార్జి దగ్గరా అదే మాట చెప్పింది. పొద్దుటి డ్యూటీ అమ్మాయి క్రైస్తవురాలు, రాత్రి సిస్టర్ కాదు.

మూడు ప్రశ్నలు. ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న మత్తయి 18:15 ఇక్కడ వర్తిస్తుందా? ఇన్సిడెంట్ రిపోర్ట్ రాస్తే పగ తీర్చుకున్నట్టు అవుతుందా? రెండో చెంప తిప్పడం అంటే ఈ వార్డులో ఏంటి?

నర్సింగ్ ట్యూటర్

వందనాలండి. ఈ కేసులో మూడు సంగతులు ముద్దగా కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం జవాబు దొరికినట్టే.

మిగిలిపోయిన చిల్లర పనులు ఒకటి. తప్పులు క్షమించడం మనిషికి ఘనత అని సామెతలు 19:11లో ఉంది కాబట్టి వీటిని వదిలేయవచ్చు. అన్నిటినీ మాత్రం కాదు. జ్వరం తగ్గి రేపు డిశ్చార్జి కాబోయే రోగి టోటల్ లేకపోతే రెండు నిమిషాలు కూర్చుని మీరే వేసుకోండి, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి. గుండె జబ్బు, కిడ్నీ రోగి అయితే అలా కుదరదు. రౌండ్స్‌లో డాక్టరు లాసిక్స్ (ఒంట్లో నీరు తీసే మందు) ఎంత ఇవ్వాలో ఆలోచించేది ఆ అంకె చూసే. బాటిల్ కూడా అంతే. అయిపోయాక చాలాసేపు అలాగే వదిలేస్తే కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) మూసుకుపోతుంది, రోగికి మళ్లీ ఇంకో పోటు.

అందరి ముందు అన్న మాట రెండోది. అది మీకు తగిలిన గాయం. దాన్ని క్షమించవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు, రెండూ చేయవచ్చు.

ఖాళీ గడి మూడోది, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ డోసు పడాల్సింది రోగికి. రోగికి జరిగిన నష్టాన్ని రోగి తరఫున క్షమించే హక్కు మనకు లేదు. రెండో చెంప మీది అయితే తిప్పండి, మంచం మీద ఉన్నవాళ్ల చెంప తిప్పకండి.

ఖాళీ గడి కనబడిన క్షణంలో వరుస ఇలా ఉండాలి. రాత్రి సిస్టర్ ఇంకా వార్డులో ఉండగానే, మంచం దగ్గర కాకుండా, గొంతు తగ్గించి "అక్కా, 6 గంటల డోసు ఇచ్చి సంతకం మర్చిపోయారా, ఇవ్వలేదా?" అని అడగాలి. ఆమె ఇచ్చాను అంటే వయల్స్ (మందు సీసాలు) లెక్క చూసుకుని, ఆమె చేతే, వేళ మార్చకుండా ఆలస్యపు ఎంట్రీగా రాయించాలి. ఇవ్వలేదు అంటే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి. ఇప్పుడు ఇవ్వాలా, తర్వాతి డోసుల వేళలు జరపాలా అన్నది ఆయన నిర్ణయం. ఇచ్చినప్పుడు అసలు ఇచ్చిన టైమే రాయాలి. 8:40కి ఇచ్చి 6:00 అని రాయకూడదు.

ఆమె గడిలో మీరు సంతకం పెట్టకండి, ఆమె బతిమాలినా సరే. "ప్రేమ అనేక పాపములను కప్పును" అని 1 పేతురు 4:8 చూపించి ఇలాంటి సంతకాలు పెట్టేవాళ్లు ఉంటారు. ఆ వాక్యం తోటివాళ్ల లోపాలను నలుగురిలో ఈడ్చకుండా ఉండడం గురించి. కేస్ షీట్ సాక్ష్యపు పత్రం, అందులో జరగనిది జరిగినట్టు రాస్తే నిర్గమకాండము 20:16 దగ్గర దొరికిపోతాం. ఇవ్వని డోసుకి ఇచ్చినట్టు ఆమే సంతకం పెట్టి ఉంటే అది మరుపు కాదు, అబద్ధపు రికార్డు. దానికి ఒంటరి మాటలతో పనిలేదు, అదే రోజు ఇన్‌ఛార్జికి తెలియాలి.

ఇక వెళ్లి మాట్లాడే సంగతి. మాటకంటే ముందు వేళ చెడిపోతుంది. పన్నెండు గంటలు నిలబడి ఉదయం ఎనిమిదికి ఇంటికి పోబోయే మనిషిని ఆపి మాట్లాడితే వాక్యం ఎంత మంచిదైనా అరుపే వస్తుంది. అబీగయీలు భర్త నాబాలు తాగి ఉన్న రాత్రి అతనితో చిన్న మాట కూడా ఎత్తలేదు, తెల్లవారి మత్తు దిగాకే చెప్పింది (1 సమూయేలు 25:36–37). వార్డులో లెక్క తిరగబడుతుంది. తెల్లవారే చెడ్డ వేళ. ఆమె రాత్రి డ్యూటీకి వచ్చే సాయంత్రం, ఏడున్నర ప్రాంతంలో, చార్జి తీసుకోకముందు మంచిది. లేదంటే నైట్ ఆఫ్ అయ్యాక వచ్చే మొదటి పగటి డ్యూటీ. పది నిమిషాలు చాలు. చోటు నర్సుల గది అయినా క్యాంటీన్ అయినా పర్లేదు. మందుల ట్రాలీ దగ్గర, రోగుల బంధువులు వినేచోట మాత్రం వద్దు.

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" (ఎఫెసీ 4:26) కదా, ఆ రోజే తేల్చేయాలి అని ఎవరైనా అంటారు. అక్కడ చెప్పింది కోపం నిలవ చేయవద్దని, అలసిన మనిషిని పట్టుకుని పంచాయితీ పెట్టమని కాదు. కోపం దేవుని దగ్గర ఆ రాత్రే దించుకోవచ్చు, మాట రెండు రోజులాగి మాట్లాడవచ్చు.

మాటల్లో చెడగొట్టేవి రెండు: "ఎప్పుడూ", "ఒక్కరోజైనా". వీటిలో ఏది నోట వచ్చినా ఆమె మంచి రోజొకటి గుర్తుచేసి మిమ్మల్ని అబద్ధీకురాలిని చేస్తుంది, అది న్యాయమే కూడా. తేదీ, పని, దానివల్ల ఏమైంది, చివర ఒక ప్రశ్న. ఇలా:

"అక్కా, ఐదు నిమిషాలు మాట్లాడాలి. మంగళవారం, శుక్రవారం ఐఓ (ఇన్‌టేక్-అవుట్‌పుట్) టోటల్స్ లేవు. రౌండ్స్‌లో సార్ అడిగితే అప్పటికప్పుడు లెక్కవేశాను, ఒక రోగిది తప్పు చెప్పాను. రాత్రి పూట ఎక్కడ పని ఆగిపోతోంది? నేను ఏమైనా ముందే చేసి పెడితే మీకు తేలికవుతుందా?"

ఆ చివరి ప్రశ్న మర్యాదకి వేసింది కాదు. రాత్రి ముప్పై మందికి ఇద్దరే ఉంటే, తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు మధ్య శాంపిల్స్, షుగర్ చెక్, టెంపరేచర్లు, డోసులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆమె బద్ధకస్తురాలు కాకపోవచ్చు, మనుషులు చాలక కావచ్చు. అలా తేలితే ఇద్దరూ కలిసి ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లాల్సిన విషయమవుతుంది, గొడవ ముఖమే మారిపోతుంది. "వినుటకు వేగిరపడువాడు" అని యాకోబు రాసింది (1:19) ఇలాంటి చోటికే.

వయసు సంగతి కూడా చూసుకోండి. పెద్దవాళ్లను తల్లిదండ్రుల్లా భావించి హెచ్చరించమని 1 తిమోతి 5:1–2. "అక్కా", "మీరు" వదలకండి, ఆమె "నువ్వు" అన్నా సరే.

బెరయ పాఠకుడు

ట్యూటర్ గారు వార్డు పని బాగా చెప్పారు. వాక్యం దగ్గర ఒక తేడా చెప్పాలి.

మత్తయి 18:15–17 "నీ సహోదరుడు" అని మొదలై "సంఘమునకు తెలియజెప్పుము" దగ్గర తేలుతుంది. అది విశ్వాసుల మధ్య, సంఘం లోపలి క్రమం. రాత్రి సిస్టర్ సంఘంలో లేదు. చాలా పాఠాల్లో ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, తర్వాత హెచ్‌ఆర్ దగ్గరికి అని సంఘం బదులు హెచ్‌ఆర్‌ని కూర్చోబెడతారు. హెచ్‌ఆర్ సంఘం కాదు, మేట్రన్ కాపరి కాదు. ఆ మూడో మెట్టులో "అన్యునివలె ఎంచుకో" అన్న మాటని ఆసుపత్రికి తెస్తే చాలా వికారంగా ఉంటుంది. ఆమె మొదటినుంచీ వేరే నమ్మకం మనిషే కదా!

ముందు ఒంటరిగా మాట్లాడాలి అన్నంతవరకు తీసుకోండి, దానికి మత్తయి 18 కూడా అక్కర్లేదు. హృదయంలో పగ పెట్టుకోవద్దు, పొరుగువాణ్ని తప్పక గద్దించు అని లేవీయకాండము 19:17లోనే ఉంది. మనసులో ఉంచుకుని ముఖం చాటేయడం కూడా అక్కడ తప్పే. బయటివాళ్లతో కొలత రోమా 12:18: "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు". ఈ షరతులు రెండూ పౌలే పెట్టాడు. ఆమె చేతుల్లో ఉన్న సగానికి మీరు బాధ్యులు కారు.

అయితే కేసులో అందరూ దాటిపోయిన మాట "ఎనిమిదింబావుకి వచ్చేదానివి". అది నిజమా కాదా? నిజమైతే మత్తయి 5:23–24 ముందు వస్తుంది. బలిపీఠం దగ్గర నిలబడ్డవాడు గుర్తు తెచ్చుకోవాల్సింది తనమీద ఎదుటివాడికి ఉన్న విరోధాన్ని. పదిహేను నిమిషాల ఆలస్యం అంటే రాత్రంతా మేలుకున్న మనిషి ఆటో దొరక్క, పిల్లల స్కూల్ బస్సు అందక అల్లాడే పదిహేను నిమిషాలు. అందుకని మాట్లాడటానికి ముందు పది డ్యూటీలు వరసగా 7:45కి వార్డులో ఉండండి. క్షమాపణ కూడా పొట్టిగా ఉండాలి. "నా ఆలస్యం వల్ల మీరు నాలుగుసార్లు ఆగిపోయారు, తప్పు నాదే" అంటే క్షమాపణ. "మీరు బాధపడి ఉంటే సారీ, కానీ బస్సు…" అంటే వాదన. అదే కూర్చోవడంలో వెంటనే "ఇక మీ సంగతి" అని ఫిర్యాదు తీస్తే ఆ క్షమాపణ బేరంగా మారుతుంది. రెంటికీ మధ్య కనీసం రెండు మూడు రోజులు ఉండనివ్వండి.

మన వాళ్లు తరచుగా పడే గుంట ఒకటి ఉంది: ప్రార్థన మనవి. "మా వార్డులో ఒక సిస్టర్ నన్ను చాలా హింసిస్తోంది, ప్రార్థించండి" అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ గ్రూపులో అదే ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ ఉంటాడు, సాయంత్రానికి అది ఆమె చెవిన పడుతుంది. కొండెం మోకాళ్ల మీద ఉన్నా కొండెమే. పేరు, వార్డు, ఆసుపత్రి లేకుండా, కాపరికో ఒక్క పెద్దకో నోటితో చెప్పండి.

ఇంకోటి, ఆమెతో మాట్లాడేటప్పుడు వచనం చదవకండి. వాక్యం మీకు అద్దం, ఆమె మీదికి విసిరే రాయి కాదు. "దేవుడు నాతో మాట్లాడాడు, అందుకే వచ్చాను" అన్నా ఆమెకి జవాబు చెప్పే దారి మూసేసినట్టే.

రోస్టర్ రిజిస్టర్

పై రెండూ బాగున్నాయి. కానీ ఇలాంటి గొడవ చార్టు దగ్గర బయటపడుతుంది గాని, మొదలయ్యేది చాలాసార్లు ఆదివారం దగ్గర. మీ కేసులో ఆ ఇద్దరి రోస్టర్ ముందు తీసి చూడండి. క్రైస్తవ సిస్టర్‌కి నెలలో నాలుగు ఆదివారాలూ ఆఫ్ పడుతుంటే, ఆమె బదులు ఎవరో చేస్తున్నారు. ఆ ఎవరో ఈమే అయితే ఐఓ టోటల్ గురించి ఎంత మెత్తగా మాట్లాడినా లాభం లేదు.

పద్ధతి ఇది. వచ్చే నెల రోస్టర్ వేయకముందే, ఇన్‌ఛార్జి చెప్పిన గడువులోపు, రిక్వెస్ట్ పుస్తకంలో రాయాలి, నోటిమాట వద్దు. అన్ని ఆదివారాలూ అడగకండి. రెండు ఆఫ్, మిగతా వాటికి మధ్యాహ్నం 2–8 డ్యూటీ అడిగితే పొద్దుటి ఆరాధన అందుతుంది. తెల్లవారుజామున మొదటి ఆరాధన ఉన్న సంఘమైతే అదైనా సరే. డిసెంబరు 25, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ అడిగేటప్పుడు బదులుగా ఏమిస్తారో అదే వాక్యంలో రాయండి: సంక్రాంతి మూడు రోజులు, ఉగాది, దీపావళి రాత్రి. పండగ రాత్రి డ్యూటీ మీరు అడిగి తీసుకుంటే, తోటి సిస్టర్ ఇంట్లో పిల్లలతో దీపాలు పెట్టుకుంటుంది. ఆమెకి అర్థమయ్యే సువార్త అది.

డ్యూటీ మార్చుకున్నాక బాకీ ఉంచకండి. ఎవరికి ఎన్ని ఇవ్వాలో చిన్న పుస్తకంలో రాసుకుని ఆ నెలలోనే తీర్చేయండి. "తర్వాత చేస్తాలే" అన్న డ్యూటీ ఒక్కటి మిగిలినా వార్డులో అందరికీ గుర్తుంటుంది.

పొద్దుటి షిఫ్ట్

చాలా ఉపయోగం. రోస్టర్ కోణం పాఠంలో లేదు, చేరుస్తాం. ఇంకో మెట్టు చెప్పండి. టైముకి వచ్చింది, క్షమాపణ చెప్పింది, సాయంత్రం మెల్లగా మాట్లాడింది. ఆమె "సరే సరే" అంది. రెండు వారాల్లో మళ్లీ డోసు తప్పింది. ఇప్పుడు?

నర్సింగ్ ట్యూటర్

అప్పుడు రిపోర్ట్ రాయాలి. నిజానికి మొదటి డోసుకే రాయాల్సింది. ఆమెతో మీ మాటలు ఎలా ముగిశాయన్నదానితో దానికి సంబంధం లేదు. "మాట వినలేదు కాబట్టి రాశాను" అంటే అది శిక్ష అయిపోతుంది. ఎవరిదైనా, చివరికి మీ సొంత పొరపాటైనా సరే, డోసు తప్పితే ఫారం రాసే అలవాటు ఉంటే అందులో పగ ఎక్కడా కనబడదు. మీ తప్పు మీరు ఒకసారి రాసి చూపించండి, వార్డు మీ రిపోర్టులను చూసే తీరు మారుతుంది.

ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఇన్సిడెంట్ రిపోర్టింగ్ పద్ధతి ఉండి తీరాలి. లేనిచోట ఇన్‌ఛార్జికి ఒక కాగితం. అందులో తేదీ, టైము, ఏం కనబడింది, డాక్టరుకి ఎన్నింటికి చెప్పారు, ఆయన ఏం చెప్పారు, రోగి ఎలా ఉన్నారు. "నిర్లక్ష్యం", "మళ్లీ", "అలవాటే" వంటి మాటలు తీసేయండి. "ఉదయం 8:10కి 6:00 గంటల గడి ఖాళీగా ఉంది, వయల్ ట్రేలో ఉంది" చాలు. కేస్ షీట్‌లో డోసు సంగతి, ఇచ్చిన వేళ రాయండి, "ఇన్సిడెంట్ రిపోర్ట్ ఇచ్చాము" అని అందులో రాయకండి. ఆ రెండు కాగితాల పనులు వేరు.

రాసిన రోజే ఆమెకి మీరే చెప్పండి: "అక్కా, ఈరోజు డోసుది ఫారం రాశాను. పని ఎక్కువై జరిగిందని మీరు అనుకుంటే అది కూడా అందులో చేరాలి, మీ మాట మీరూ రాయండి." వెనకనుంచి తెలిస్తే అది ద్రోహంలా తగులుతుంది.

హ్యాండోవర్ పద్ధతి కూడా మార్చమని ఇన్‌ఛార్జిని అడగవచ్చు. డెస్క్ దగ్గర కూర్చుని చెప్పుకోవడం మానేసి, ఇద్దరూ చార్టులు చేత్తో పట్టుకుని మంచం మంచం తిరగడం. ప్రతి రోగికి ఎస్‌బార్ వరస: ఇప్పుడు పరిస్థితి, వెనకటి కథ, మన అంచనా, చేయాల్సింది. ఖాళీ గడి అప్పుడు ఇద్దరి కళ్లకీ ఒకేసారి కనబడుతుంది, ఎవరూ ఎవరినీ పట్టుకున్నట్టు ఉండదు. సగం గొడవలు ఈ ఒక్క మార్పుతో పోతాయి. అడిగిన పని చేసే వార్డు ఇన్‌ఛార్జి దొరకాలి, అది వేరే సంగతి.

బెరయ పాఠకుడు

అప్పటికీ కుదరకపోతే వేరే వార్డు అడగడం ఓటమి కాదు. మార్కు విషయంలో పౌలుకీ బర్నబాకీ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు (అపొస్తలుల కార్యములు 15:37–40). ఆ వాదానికి గ్రీకులో ఉన్న మాట పరొక్సుస్మోస్. మీరు వార్డులో ఉబ్బసం గురించో గుండె దడ గురించో వాడే "పారాక్సిజం" (ఉన్నట్టుండి ఉధృతంగా వచ్చేది) దాని బిడ్డే. ఆ పుస్తకం రాసిన లూకా వైద్యుడని కొలొస్సీ 4:14లో ఉంది కాబట్టి ఇది నర్సుల పాఠంలో చెప్పుకోదగ్గదే! బర్నబా మార్కుని తీసుకుని కుప్రకు ఓడెక్కాడు, పౌలు సీలతో సిరియ, కిలికియ మీదుగా వెళ్లాడు. పని ఆగలేదు. తర్వాత అదే పౌలు మార్కుని వెంటబెట్టుకు రమ్మని, అతను పరిచారానికి ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11). ట్రాన్స్‌ఫర్ అడిగేటప్పుడు పాత వార్డు గురించి చెడుగా రాయకండి, అంతే.

చట్టం తెలిసినవాడు

ఒక హద్దు పాఠంలో తప్పకుండా పెట్టండి. ఇప్పటివరకు చెప్పుకున్నది పని తగాదా. లైంగిక వేధింపు, చేయి చేసుకోవడం, కులం పేరుతో తిట్టడం వంటివి వస్తే "ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అన్న సలహా ఇవ్వకూడదు. ఒంటరిగా పంపడమే ప్రమాదం.

లైంగిక వేధింపుకి 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే. అంతకంటే చిన్న నర్సింగ్ హోమ్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, సంఘటన జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. రాజీ అనేది బాధితురాలు తనంతట తాను అడిగితేనే, అదీ డబ్బు ప్రాతిపదిక మీద కుదరదు. సంఘ పెద్దలు ముందు "ప్రార్థించి చూద్దాం" అని నెలలు గడిపేస్తే ఆ మూడు నెలల గడువు కరిగిపోతుంది. ప్రార్థన చేయండి, ఫిర్యాదు కాగితం మీద తేదీ కూడా వేయించండి.

కులం తిట్ల విషయంలో ముందు న్యాయవాదిని కలవండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఉండడంతో, క్రైస్తవులుగా ఉన్నవాళ్లకి అట్రాసిటీ చట్టం దగ్గర చిక్కు వస్తుంది. ఏ సెక్షన్ కింద వెళ్లాలో ఆయన చెప్పాలి, మనం ఊహించి చెప్పకూడదు.

ఫిర్యాదు చేయడం విశ్వాసానికి తక్కువేమో అని వెనకాడేవాళ్లకు ఫిలిప్పీ చెరసాల చూపించండి. రోమీయులమైన మమ్మల్ని విచారించకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలి అని పౌలు పట్టుబట్టాడు (అపొస్తలుల కార్యములు 16:37). రోమా అధిపతి ఫెస్తు ముందు కైసరుకి చెప్పుకుంటాననీ అన్నాడు (అదే పుస్తకం 25:11). 1 కొరింథీ 6లో కోర్టుకి పోవద్దన్నది సహోదరుల మధ్య ఆస్తిపాస్తుల తగవు వంటివాటి గురించి. దాన్ని తెచ్చి వేధింపు ఫిర్యాదుని ఆపకండి.

పొద్దుటి షిఫ్ట్

అందరికీ వందనాలు. పాఠంలో సంభాషణని ఇద్దరిచేత నటింపజేయాలని ఉంది. ఎంతసేపు పెట్టాలి?

నర్సింగ్ ట్యూటర్

నాలుగు నిమిషాలు చాలు. రాత్రి సిస్టర్‌గా నటించేవాళ్లకి ముందే చెవిలో చెప్పండి: మొదటి మాటకే మెత్తబడొద్దు, "నీకేం తెలుసు రాత్రి కష్టం" అని ఒకసారి ఎదురు తిరగాలి. ఆ తర్వాత అవతలి అమ్మాయి నోట వచ్చే మొదటి వాక్యం దగ్గర ఆపేసి, దాన్ని బోర్డు మీద రాయండి. చర్చ అక్కణ్నుంచి మొదలుపెట్టండి. తర్వాత పాత్రలు మార్చి ఇంకోసారి చేయించండి, రాత్రి సిస్టర్ మాటలు తామే అనాల్సి వచ్చినప్పుడు చాలామంది ఆగి ఆలోచిస్తారు.